కాంటాకు ఇరువైపుల

చాల ఏండ్ల క్రిందట మేము పనిచేసిన ఒక కార్యాలయమునకు ఒక వృద్ధుడు దినమునకు రెండు మారులు తేనీరు తెచ్చి ఇచ్చుచుండెడివాడు. లెక్క నెలకొకసారి తీర్చవలెనని ఏర్పాటు. రెండు నెలలు ఆ మాట నిలిచెను. మూడవ నెల చిట్టీ ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి ప్రయాణము సాగించి, తుదకు ఎచ్చటనో ఒక కాగితపు కట్టక్రింద విశ్రమించెను. వృద్ధుడు ఒక్క మాటయు అనలేదు. కాని తేనీరు పలుచనయ్యెను. కొంత కాలమునకు గ్లాసు చిన్నదయ్యెను. మాలో ఒకరు ఆక్షేపింపగా అతడు గ్లాసులు సర్దుకొనుచు, "పాలాయనకు దినాము పైసలియ్యాలె సారూ. మీ పైసలు మూడు నెల్లకు వస్తయి. నడుమల నేనెట్ల చెయ్యాలె?" అనెను. మాకెవ్వరికిని సమాధానము తోచలేదు.

ఆలస్యముచేత మేము మిగుల్చుకొంటిమనుకొన్న డబ్బును ఆ వృద్ధుడు మా గ్లాసులలోనే వసూలు చేసికొనుచుండెను. అందు అతని తప్పేమియు లేదు. అతడు మాకు తేనీరు ఇచ్చుటయే కాక, వడ్డీ లేని అప్పు కూడ ఇచ్చుచుండెను. ఆ సంగతి మాకు తెలియదు, అతనికి తెలియును.

సరకు ఇచ్చువారితో కొనువారు నడపవలసిన వ్యవహారమును నేడు వాణిజ్య కళాశాలలలో ఒక శాస్త్రముగా బోధించుచున్నారు. పెద్ద కర్మాగారములకు అందుకై ప్రత్యేక శాఖలు కలవు. మన ప్రాంతమున ఆ శాస్త్రము పేరు వినినవారు తక్కువ. దాని ఫలితములను అనుభవించువారు మాత్రము ప్రతి గ్రామమునందును కలరు. 2016లో పలు జిల్లాలుగా విడివడిన ఉమ్మడి కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో జనులు పత్తి, వడ్లు, పాలు, తునికాకు, బట్ట, వెదురు మున్నగు సరకులలో ఏదో ఒకటి ఎవరికో ఒకరికి ఇచ్చుచునే ఉందురు. ఇచ్చువారు వేలమంది, కొనువారు కొలదిమంది. ఈ అసమానతనుండియే చిక్కులన్నియు పుట్టుచున్నవి. కొనువాడు తన బలమును ఎంతవరకు ఉపయోగించుకొనవచ్చును? ఎచ్చట ఆగవలెను? ఆగినచో అతనికి నష్టమా, లాభమా? ఈ ప్రశ్నలను గూర్చి కొన్ని స్థానిక ఉదాహరణములతో ఆలోచింతము.

మొదటిది కొలత.

కార్తీక మార్గశిర మాసములలో ఆదిలాబాదు మార్కెట్టు యార్డునకు తెల్లవారకముందే పోయి చూచినవారికి అచ్చటి దృశ్యము పరిచితమే. పత్తి నింపిన బండ్లు, ట్రాక్టర్లు, వ్యానులు వరుస తీరి నిలిచియుండును. ముందటి రాత్రియే వచ్చినవారు గొంగళ్లు కప్పుకొని బండ్లక్రింద పడుకొందురు. మంచు కురియుచుండును. ఆ మంచులో ఒక చిన్న యంత్రము వచ్చి ప్రతి బండిలోని పత్తిలోనికి తన ముల్లును గ్రుచ్చి తేమ శాతమును చెప్పును. ఆ అంకెతో రైతు యొక్క ఆరు నెలల కష్టమునకు వెల తేలును.

1970లో స్థాపితమైన భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనునప్పుడు ఎనిమిది శాతము తేమను ప్రమాణముగా గైకొనును. అంతకు మించిన ప్రతి శాతమునకును వెలలో ఒక్కొక్క శాతము తగ్గించును. పండ్రెండు శాతము దాటిన పత్తిని కొనదు. 2025-26 ఋతువునకు పొడవు పింజ రకమునకు నిర్ణయించిన ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. పండ్రెండు శాతము తేమ చూపిన పత్తికి నాలుగు శాతము, అనగా 324 రూపాయల 40 పైసలు తగ్గును. పదమూడు చూపినచో బండి వెనుకకు మరలవలెను, లేదా ప్రయివేటు ఖరీదుదారు చెప్పిన వెలకు తలయొగ్గవలెను.

ఈ నియమము అన్యాయమైనదని మేము అనము. తేమ నిండిన పత్తి నిలువలో రంగు మారును. దూదిని వేరుచేయు జిన్నింగు యంత్రములో చిక్కుపడును. కొనువాడు నీటికి దూది వెల ఇయ్యజాలడు. కాని ఒక్క విషయము గమనింపదగినది. యంత్రపు ముల్లు బండి పైభాగమున ఒక అంకె, లోపల మరియొక అంకె చూపవచ్చును. సూర్యోదయమున ఒక అంకె, మధ్యాహ్నమున మరియొక అంకె చూపవచ్చును. ఆ సందేహము తీరని దినమున మార్కెట్టులో కలహము పుట్టును, కాంటాలు ఆగును, రహదారిపై బైఠాయింపు జరుగును. దాదాపు ప్రతి సంవత్సరమును మనము వినుచున్న వార్తయే ఇది.

దీనికి విరుగుడు ధర పెంచుట కాదు. కొలతను ఇరువురి కన్నుల యెదుట ఉంచుట. బండిలో మూడు నాలుగు తావుల ముల్లు గ్రుచ్చి, సగటు తీసి, ఆ అంకెను రైతునకు చూపి, తక్‌పట్టీలో వ్రాసి ఇచ్చినచో, తొమ్మిది వచ్చినను పది వచ్చినను అతడు అంగీకరించును. ఆపైన మరుసటిమారు మంచు ఆరిన పిమ్మట పత్తి ఏరించి, ఎండలో ఆరబోసి తెచ్చును. అనగా నమ్మదగిన కొలత అతనికి శిక్షయు శిక్షణయు కూడ అగును. నమ్మరాని కొలతచేత అతడు ఒక్క పాఠమే నేర్చును: ఎంత శ్రద్ధ వహించినను ఫలము లేదని. అప్పుడు అతడు శ్రద్ధ మానును. నష్టము తుదకు కొనువానికే చేరును.

వడ్ల విషయమున ఈ సంగతి ఇంకను స్పష్టము. కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతములలో స్త్రీల పొదుపు సంఘములు, ప్రాథమిక సహకార సంఘములు నడుపు కేంద్రములలో ప్రభుత్వము కొరకు వడ్లు కొనుచున్నారు. అచ్చట తేమకు పదునేడు శాతము హద్దు. దానికి యంత్రము కలదు. కాని తాలు, మట్టి అను పేరులతో బస్తాకు ఇంతయని తీయు తరుగునకు యంత్రము లేదు. నలువది కిలోల బస్తాకు ఒక్క కిలో తరుగు తీసినచో క్వింటాలునకు రెండున్నర కిలోలు పోవును. 2025-26లో 'ఎ' శ్రేణి వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు గనుక, ఆ రెండున్నర కిలోల వెల సుమారు అరువది రూపాయలు. ఇరువది క్వింటాళ్ల రైతునకు పండ్రెండు వందలు. మొత్తము పెద్దదా, చిన్నదా అను ప్రశ్న అటుండనిండు. మిల్లులో లారీ దిగినపిదప, రైతు లేనిచోట, నిర్ణయింపబడిన తరుగు న్యాయమైనదే కావచ్చును. కాని అది న్యాయమని నమ్ముటకు రైతునకు ఆధారమేమి? కేంద్రమునందే తూర్పారపట్టి, కేంద్రమునందే తూచి, అచ్చటి తూకమే తుది తూకమని కట్టుబడి యున్నచోట ఈ కలహము రాదు.

రెండవది గడువు.

ధర ఎంత అను ప్రశ్నకు మనము ఇచ్చు ప్రాధాన్యములో సగమైనను, డబ్బు ఎన్నడు అను ప్రశ్నకు ఇయ్యము. చిన్న సరఫరాదారునకు ఈ రెండవ ప్రశ్నయే ప్రాణము. కొనువానికి బ్యాంకులో పరపతి కలదు. ఇచ్చువానికి అది తక్కువ. అట్టివాని యొద్దనుండి మూడు నెలల అరువు లాగుట అనగా బలవంతుడు బలహీనుని యొద్ద అప్పు చేయుటయే. ఆ బలహీనుడు ఆ మూడు నెలలు గడపుటకు అధిక వడ్డీకి అప్పు తెచ్చును. ఆ వడ్డీని మరుసటి ధరలోనో, సరకు నాణ్యములోనో రాబట్టుకొనును. రాబట్టుకొనలేనివాడు వ్యాపారము మానును. మా తేనీటి వృద్ధుని లెక్క ఇదియే.

దీనికి ప్రతిగా ఒక మంచి ఉదాహరణము చెప్పవలెనన్నచో ముల్కనూరు పేరు తలవక తప్పదు. భీమదేవరపల్లి మండలములోని ఈ గ్రామము పూర్వపు కరీంనగరము జిల్లాలోనిది. నేడు హనుమకొండ జిల్లాలో నున్నది. అచ్చట 2002లో, పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద, స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకులుగా ఒక పాల సమాఖ్య ఏర్పడెను. 'స్వకృషి' అను పేరుతో దాని పాలు విక్రయమగుచున్నవి. ప్రతి గ్రామ సంఘమునందును పాలు పోయునప్పుడే వెన్నశాతము చూచెదరు. దానినిబట్టి లెక్క కట్టుదురు. పదునైదు దినములకొకమారు డబ్బు చెల్లింతురు. సంవత్సరాంతమున మిగులు ఉన్నచో పాలు పోసిన పరిమాణమును బట్టి సభ్యులకు పంచుదురు.

పదునైదు దినముల ఆ గడువునందు పెద్ద విశేషమేమియు లేనట్లు తోచును. కాని ఒక గృహిణి దృష్టితో చూడుడు. ఏ తేదీకి డబ్బు చేతికి వచ్చునో ఆమెకు ముందుగా తెలియును. దాణా కొట్టువానికి ఆ తేదీ చెప్పి సరకు తెచ్చుకొనగలదు. పిల్లవాని బడి రుసుము ఆ తేదీకి వాయిదా వేయగలదు. ప్రయివేటు వర్తకుడు లీటరునకు ఒక రూపాయి ఎక్కువ ఇత్తునని వచ్చినను, ఆమె వెంటనే అటు పరుగిడదు. ఆ రూపాయి వేసవిలో ఉండి వానకాలమున పోవునని ఆమె ఎరుగును. గడువు తప్పని కొనుగోలుదారునకు ఇచ్చువాని విశ్వాసము ఈ విధముగా లభించును. అది ధర పెట్టి కొనవీలు కానిది.

ఈ విషయమున చట్టము కూడ చిన్న ఉత్పత్తిదారుల పక్షమున నిలిచియున్నదని శ్రోతలలో అనేకులకు తెలియకపోవచ్చును. 2006నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము ప్రకారము, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమ యొద్ద సరకు తీసికొనినవారు ఒప్పందములో వ్రాసికొన్న గడువులోపల డబ్బు చెల్లింపవలెను. ఆ గడువు నలువదియైదు దినములకు మించరాదు. మించినచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు వడ్డీ, అదియు నెలనెలకు చక్రవడ్డీ లెక్కన, ఇచ్చుకొనవలెను. ఇంత కఠినమైన చట్టము ఉండియు ఎందరు దానిని ఉపయోగించుకొనుచున్నారు? ఫిర్యాదు చేసినవానికి మరుసటి ఆర్డరు రాదను భయము చట్టముకంటె బలమైనది. కావుననే ఈ విషయమును చట్టమునకు వదలక, కొనువాని వివేకమునకు విన్నవించుకొనవలసి వచ్చుచున్నది.

మూడవది, కొనువాడే అప్పు ఇచ్చువాడగుట.

పూర్వము ఈ జిల్లాలలో రైతు విత్తనమునకు, ఎరువునకు, పెండ్లికి, చావునకు ఒక్క గడపయే ఎక్కవలసియుండెను. ఆ గడప లోపలి షావుకారే పంట వచ్చినపుడు కొనువాడు. తూచువాడును అతడే, లెక్క వ్రాయువాడును అతడే. అప్పు తీసికొన్నవాడు అడిగిన ధర చెప్పుటకు నోరు రాదు. 1940లలో ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి పరిశోధన చేసిన హైమండార్ఫు పండితుడు అచ్చటి గిరిజనులు వడ్డీ వర్తకుల చేతులలో భూమిని, పంటను కోల్పోవుట కన్నులార చూచి వ్రాసెను. ఈ పద్ధతి నేటికిని పూర్తిగా పోలేదు. విత్తనము, పురుగుమందు అరువిచ్చి పత్తిని తామే కొనువారు ఇప్పటికిని కలరు. అరువు దొరకుట రైతునకు ఉపకారమే. కాని ఆ ఉపకారమునకు వెల కాంటామీద చెల్లింపవలసి వచ్చునపుడు అది సంబంధము కాదు, బంధనము.

ముల్కనూరులోనే ఈ బంధనమును విప్పిన ఉపాయమును చూడవచ్చును. పాల సమాఖ్యకు చాల ముందుగా, 1956లో, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున అచ్చట సహకార గ్రామీణ బ్యాంకు మరియు మార్కెటింగు సంఘము ఏర్పడెను. ఈ సంఘము కూడ అప్పు ఇచ్చును, ఎరువులు, విత్తనములు ఇచ్చును, పంటను కొనును. షావుకారు చేసిన పనులే ఇవి. భేదమెచ్చట? ఇచ్చట కొనువాడు ఇచ్చువారి సొత్తు. సభ్యులు తెచ్చిన వడ్లు సంఘపు మిల్లులో ఆడును; పత్తి సంఘపు జిన్నింగు యంత్రములో దూది యగును; వరి విత్తనము శుభ్రపడి సంచులలో ఊరు దాటి పోవును. అప్పు పంట డబ్బునుండి మినహాయింపబడును; మిగిలినది రైతు ఖాతాకు చేరును. లాభము వచ్చినచో వ్యవహారమును బట్టి మరల సభ్యులకే పోవును. ఒకే గడప, ఒకే కాంటా. అయినను కాంటా పట్టినవానిని ప్రశ్నించు హక్కు తూచబడువానికి కలదు. సంఘము నేటికి దాదాపు డెబ్బదియేండ్లుగా నిలిచియుండుటకు ఈ హక్కే ముఖ్య కారణమని మా అభిప్రాయము.

ప్రతి గ్రామమును ముల్కనూరు కాజాలదు. కాని కొనువాడు ఇచ్చువానికి అప్పు ఇచ్చి కట్టివేయుటకంటె విద్య ఇచ్చి నిలువబెట్టుట మేలను పాఠము ఎచ్చటనైనను పనికివచ్చును. అడవులలో తపసి బంక సేకరణము ఇందుకు నిదర్శనము. తపసి చెట్టును గొడ్డలితో లోతుగా గాయపరచినచో బంక ఎక్కువ కారును. కాని చెట్టు చచ్చును. బెరడు ముక్కలు, మట్టి కలిసిన ఆ బంకకు వెల తక్కువ. చిన్న పరికరముతో కొలదిగా గాటు పెట్టి, శుభ్రమైన పాత్రలోనికి ఏరి, రంగునుబట్టి వేరుచేసినచో చెట్టు బ్రతుకును, తెల్లని బంకకు మేలైన శ్రేణి వెల వచ్చును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటి కొనుగోలుదారులు సేకరించువారికి ఈ పద్ధతి నేర్పుట కేవలము దయాకార్యము కాదు. చెట్టు చచ్చినచో సరకు లేదు; సరకు లేనిచో సంస్థయు లేదు. నేర్పునది ఇరువురకును లాభమే.

నాలుగవది, అన్నిటికంటె కఠినమైనది, ఆర్డరు యొక్క నిలకడ.

సిరిసిల్ల సాంచెల చప్పుడు ఈ ప్రాంతపు శ్రోతలకు క్రొత్త కాదు. మరమగ్గమునకు అచ్చటివారు పెట్టుకొన్న పేరు సాంచె. ఆసామి, బీము నింపువాడు, నేయువాడు, కండెలు చుట్టు స్త్రీ, ఇట్లు ఒక్క గజము బట్టలో పలువురి చేతులు కలవు. లంగా గుడ్డ, పాలియెస్టరు గుడ్డ నేసి అమ్ముకొనుచు, అమ్మకము లేనపుడు పస్తులుండుచు, ఆ ఊరు చాల కష్టములు చూచెను. ఇట్టి ఊరికి 2017లో ఒక పెద్ద కొనుగోలుదారు లభించెను. బతుకమ్మ పండుగకు పేద స్త్రీలకు చీరలు పంచు పథకమును తెలంగాణ ప్రభుత్వము ఆరంభించెను. అవసరమైనవి సుమారు కోటి చీరలు. మొదటి సంవత్సరము వ్యవధి చాలక చాల భాగమును సూరతునుండి తెప్పించిరి. వాని నాణ్యమును గూర్చి స్త్రీలు వీథులలోనే నిరసన తెలిపిరి. తరువాతి సంవత్సరములలో ఆర్డరు ప్రధానముగా సిరిసిల్లకే చేరెను.

దాని ఫలితము కొన్ని ఏండ్లు కన్నులపండువుగా ఉండెను. పని దొరకెను, కూలి పెరిగెను, వలసపోయినవారిలో కొందరు తిరిగి వచ్చిరి. చీర అంచునకు కావలసిన డాబీ, జకార్డు పరికరములను ఆసాములు అప్పుచేసి అమర్చుకొనిరి. కాని సాంచె ఒక సరకునకు అలవాటు పడినపుడు పాత సరకు కొనువారు వేరొక ఊరు చూచుకొందురు. ప్రభుత్వము తప్ప వేరు గిరాకి లేని స్థితి మెల్లగా ఏర్పడెను. 2023 డిసెంబరులో ప్రభుత్వము మారెను; 2024లో బతుకమ్మ చీరలు లేవు. పాత బకాయిలు ఒకప్రక్క, క్రొత్త ఆర్డరు లేమి ఒకప్రక్క. సాంచెలు ఆగెను. నేతపనివారి ఆత్మహత్యల వార్తలు మరల వినవచ్చెను. పిమ్మట బకాయిలు విడతలుగా విడుదలయ్యెను. వేములవాడలో నూలు డిపో ఏర్పడెను. స్త్రీల సంఘముల సభ్యులకు చీరలిచ్చు క్రొత్త పథకము వచ్చి, 2025 నవంబరులో ఆ చీరల పంపిణీ ఆరంభమయ్యెను. సాంచెలు మరల ఆడినవి. కాని నడుమ ఆగిన నెలలలో ఇంటి యజమానిని పోగొట్టుకొన్న కుటుంబమునకు ఏ ఆర్డరును ఆ నష్టమును పూడ్చదు.

ఇందు ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. ఏ పథకమైనను మార్చు అధికారము ప్రభుత్వమునకు కలదు. కాని కోటి చీరలు కొను చెయ్యి ఒక్కసారిగా వెనుకకు పోయినచో ఊరు కూలునని ముందుగా లెక్కించుట కొనువాని బాధ్యత. ఆపదలచినచో ఒక సంవత్సరము ముందు చెప్పవలెను. మెట్టు మెట్టుగా తగ్గింపవలెను. ఈలోపల వేరు గిరాకి వెదకుకొనుటకు తోడ్పడవలెను. పాత బాకీ మాత్రము ఏ కారణముచేతను నిలిపియుంచరాదు. ఇచ్చువానికిని ఒక బాధ్యత కలదు. ఎంత గొప్ప కొనుగోలుదారైనను తన సరకంతయు ఒక్కనికే అప్పగింపరాదు. పది సాంచెలు గలవాడు రెంటినైనను వేరు సరకునకు ఉంచుకొనవలెను.

పెద్ద కొనుగోలుదారు సయితము పడిపోవచ్చునని కాగజ్‌నగరము మనకు నేర్పెను. నిజాము కాలమున వెలసిన సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడెను. కొత్త యాజమాన్యము 2018లో దానిని చేపట్టువరకు పట్టణమే చిన్నబోయియుండెను. అట్టి సమయమున బ్యాంకునకు తాకట్టు ఉండును. సరకు అరువిచ్చినవానికి చేతిలో చిట్టీ మాత్రమే ఉండును. 2016నాటి దివాలా స్మృతి వరుసలో కూడ తాకట్టు గల ఋణదాతకు ముందు స్థానము, చిట్టీ గలవానికి వెనుక స్థానము. కనుక ఒక్క గడపలో ఎంత అరువు నిలువనీయవచ్చునో ప్రతి చిన్న వర్తకుడును ముందే నిశ్చయించుకొనవలెను.

ఇట్లు సరకు ఇచ్చువారిని ఆదుకొనుట ధర్మము కావచ్చును గాని వ్యాపారము కాదని కొందరు వాదింతురు. వారికి జపానుదేశపు ఒక సంఘటన చెప్పదగినది. 1997 ఫిబ్రవరి 1వ తేదీన కరియా పట్టణములో ఐసిన్ సంస్థకు చెందిన ఒక కర్మాగారము తగులబడెను. టయోటా కార్లకు కావలసిన ఒక చిన్న బ్రేకు భాగము దాదాపు పూర్తిగా అచ్చటనే తయారగుచుండెను. టయోటా యొద్ద నిలువయున్నది కొలది గంటల సరకు. కర్మాగారములన్నియు ఆగెను. అప్పుడు ఆ భాగమును ఎన్నడును చేయని చిన్న చిన్న సంస్థలు, ధర మాట ముందు తేల్చుకొనకయే, పటములు తెప్పించుకొని రాత్రింబవళ్లు పనిచేసి వారము దినములకే కార్లు మరల బయలుదేరునట్లు చేసెను. అనేక సంవత్సరములు న్యాయముగా వ్యవహరించి, పని నేర్పి, మాట నిలుపుకొన్న కొనుగోలుదారునకు ఆపద దినమున ఆ మంచితనము వడ్డీతో తిరిగివచ్చెను. తన సరఫరాదారులను పిండి పిప్పిచేసిన సంస్థకు ఆ రాత్రి ఎవడు దీపము వెలిగించును?

మన మార్కెట్టు యార్డులకు, మిల్లులకు, కార్యాలయములకు ఇందులో క్రొత్తగా నేర్చుకొనవలసినది అధికము లేదు. కొలత ఇరువురకును కనబడవలెను. డబ్బు చెప్పిన తేదీకి ముట్టవలెను. అప్పు పేరుతో ఇచ్చువాని నోరు కట్టరాదు. ఆర్డరు ఇచ్చునపుడే కాదు, మానునపుడును ముందు చెప్పవలెను. వీనిలో ఏ ఒక్కటియు ధర పెంచుమని కోరునది కాదు. ధరను గూర్చి బేరమాడు హక్కు ఎవరికి వారికి ఎప్పుడును ఉండును. అయినను ఈ నాలుగును పాటించు కొనుగోలుదారునకు మేలైన సరకు మొదట చేరుటయు, కొరత దినములలో కూడ చేరుటయు మనము చూచుచునే ఉన్నాము.

ఆ తేనీటి వృద్ధుని కథ ముగింపు చెప్పక విడువరాదు. కాగితపు కట్టక్రింది చిట్టీ తుదకు దొరకెను. బాకీ యంతయు ఒక్క దినమున చెల్లించితిమి. ఇకమీదట వారమునకొకమారు లెక్క తీర్చునట్లు మాలో మేము చందా వేసికొంటిమి. మరునాడు పదకొండు గంటలకు అతడు వచ్చెను. మేమెవ్వరమును ఏమియు అడుగలేదు; అతడును ఏమియు చెప్పలేదు. గ్లాసు మాత్రము పాతదే, పెద్దది. తేనీటిలో పాలు చిక్కగా ఉండెను.